పాత కెమెరాలో మిగిలిన రీలును వెలుతురులోకి తీయకండి

సంపాదకుల వారికి,

అయ్యా,

గత ఏడాది హైదరాబాదు ఎర్రగడ్డ ఆదివారం సంతలో నేనొక పాత అగ్ఫా క్లిక్ 3 కెమెరా కొన్నాను. ఒకప్పుడు మన ఇళ్లలో పెళ్లిళ్లకూ పుట్టినరోజులకూ బయటికి తీసిన ఈ కెమెరాలో 120 అనే సైజు రీలు ఒకటి వేస్తే 12 చదరపు ఫోటోలు వచ్చేవి. వెనుకనున్న ఎర్రటి కిటికీలో 9 అంకె కనబడడంతో, ఎవరో సగంలో ఆపేసిన రీలు లోపలే ఉందని గ్రహించి, మూత తీసి చూపించబోతున్న అమ్మకందారును గబుక్కున వారించాను. ఆ మూత తెరుచుకుంటే వెలుతురు సోకి ఫోటోలు చెడిపోయే ప్రమాదం ఉండేది.

వెలుతురు తగిలినప్పుడు ఫిల్ము మీది వెండి లవణాలలో పడే కంటికి కనిపించని ముద్ర, రసాయనంలో కడిగేదాకా ఏళ్ల తరబడి నిలిచి ఉండగలదు. 1897లో బెలూనులో ఉత్తర ధ్రువానికి బయలుదేరి మరణించిన స్వీడన్ దేశస్థుడు ఆండ్రే, ఆయన సహచరుల ఫిల్ములు 1930లో మంచుదీవిలో దొరికితే, స్టాక్‌హోమ్‌లో హెర్ట్స్‌బెర్గ్ అనే నిపుణుడు వాటి నుంచి 93 చిత్రాలను రాబట్టాడు. అక్కడ చలి కాపాడింది. మన ఎండలూ ఉక్కపోతా ఆ ముద్రను ఏటికేడు మసకబారుస్తాయి కనుక, దొరికిన రీలును ఆలస్యం చేయకుండా కడిగించాలి.

అయితే ఎక్కడ పడితే అక్కడ ఇవ్వరాదు. ఇలాగే దొరికిన మరో నలుపు తెలుపు రీలును కొన్నేళ్ల క్రితం నేను ఒక కలర్ ల్యాబుకు ఇస్తే, వారు దానిని కలర్ రసాయనాలలో వేశారు. కలర్ ఫిల్ములో రంగులు ఏర్పడ్డాక వెండిని పూర్తిగా తొలగిస్తారు. నలుపు తెలుపు ఫిల్ములో ఆ వెండే బొమ్మ కనుక, నాకు తిరిగి వచ్చింది ఖాళీ పట్టీ మాత్రమే. ఎవరి ఇంటి ముఖాలు అలా కరిగిపోయాయోనన్న బాధ నాకు ఇప్పటికీ తీరలేదు. రీలు మీద సి-41 (కలర్ నెగటివ్ ఫిల్ములను కడిగే పద్ధతి పేరు) అని రాసి లేకపోతే దానిని కలర్ ల్యాబుకు ఇవ్వవద్దని అందరినీ ప్రాధేయపడుతున్నాను.

ఈసారి చీకటిగదిలో నేనే పూనుకుని, ముందుగా చిన్న ముక్క కత్తిరించి కడిగి చూసుకుని, మసక తగ్గించే బెంజోట్రయజోల్ కొద్దిగా కలిపిన డెవలపరులో మిగతాది కడిగాను. నాలుగు ఫోటోలు వచ్చాయి. రీలులో ఫిల్ము వెనుక చుట్టి ఉండే కాగితం మీది అంకెలు వాటిపై లీలగా అచ్చుపడ్డాయి. ఒకదానిలో తులసికోట పక్కన పసిబిడ్డను ఎత్తుకుని నిలబడిన ముసలమ్మ, ఇంకొకదానిలో పలకను గుండెకు హత్తుకున్న పిల్లవాడు ఉన్నారు. ఆ పిల్లవాడు ఈనాడు తాతగారై ఉండవచ్చు. కెమెరా పాతసామానుతో కలిసి వచ్చిందనే తప్ప, ఏ ఊరి నుంచి వచ్చిందో అమ్మినవారికి తెలియదు.

పాత కెమెరా అమ్మేవారు ముందుగా రీలు చుట్టే మరను మెల్లగా తిప్పి చూడండి. బిగువు తగిలితే లోపల ఫిల్ము ఉన్నట్టే. ఇటువంటి ఫోటోలను ఇంటివారి అనుమతి లేకుండా ఇంటర్నెట్‌లో పెట్టడం నాకు సమ్మతం కాదు. అందుచేత, మీ జిల్లా సంచికలో వారానికొకసారి మనుషులు లేని ఒక ఫోటోను, అంటే ఇంటి అరుగునో వీధినో బడి గుమ్మాన్నో, ప్రచురించి, గుర్తుపట్టినవారు మీ కార్యాలయాన్ని సంప్రదించే ఏర్పాటు చేయవలసిందిగా కోరుతున్నాను. నా దగ్గరున్న నాలుగింటిలో పెంకుటిల్లు ఒక్కటే ఉన్న ఫోటోను మొదటిదిగా పంపడానికి సిద్ధంగా ఉన్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత స్టూడియో ఫోటోగ్రాఫర్,
హనుమకొండ