నొప్పి మాత్ర ఇచ్చేముందు ఒక్క మాట అడగాలి

సంపాదకులకు నమస్కారం.

కడుపులో పుండు అనగానే కారం మానెయ్, టెన్షన్ తగ్గించుకో అనే సలహాలు మొదలవుతాయి. అవి ఉన్న మంటను పెంచొచ్చు గానీ, మామూలుగా పుండుకు మూలం అవి కావు. ఎక్కువమందిలో కారణాలు రెండే: హెలికోబాక్టర్ పైలోరి అనే బాక్టీరియా, తోచినట్టు మింగే నొప్పి మాత్రలు. బాక్టీరియా సంగతిని ఆస్ట్రేలియా వైద్యులు రాబిన్ వారెన్, బ్యారీ మార్షల్ 1980ల మొదట్లోనే చెప్పారు. తోటివాళ్లు నమ్మకపోతే మార్షల్ 1984లో ఆ బాక్టీరియాను తానే తాగి, జబ్బు తెచ్చుకుని మరీ చూపించారు. 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. అయినా మన సలహాలు మారలేదు.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది మాత్రం నొప్పి మాత్రల వాడకం. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ లాంటివి నొప్పితోపాటు, జీర్ణాశయం గోడను ఆమ్లం నుంచి కాపాడే ప్రోస్టాగ్లాండిన్లనూ తగ్గించేస్తాయి. తిన్నాక వేసుకుంటే ఏమీ కాదన్న ధీమా చాలామందికి ఉంది. మందు రక్తంలో కలిశాక కూడా ఈ పని చేస్తుంది కాబట్టి, ఇంజెక్షన్‌గా తీసుకున్నా ముప్పు తప్పదు. పెద్ద వయసువారు, గతంలో పుండు వచ్చినవారు, రక్తం పలచబడే మందులో స్టెరాయిడ్లో వాడుతున్నవారు మరీ జాగ్రత్తగా ఉండాలి. గుండె కోసం రోజూ ఆస్పిరిన్ వేసుకునేవారు మోకాళ్ల నొప్పికి ఇంకో మాత్ర కలిపితే ప్రమాదం ఇంకా పెరుగుతుంది. అలాగని డాక్టర్ రాసిన ఆస్పిరిన్‌ను సొంతంగా ఆపేయకూడదు, అదీ ప్రాణాల మీదికి తెస్తుంది. అందుకే మందుల షాపులో మాత్ర చేతికిచ్చే ముందు "ఇంకేం మందులు వాడుతున్నారు? ఇంతకుముందు అల్సర్ ఉందా?" అని అడగడం తప్పనిసరి చేయాలి.

పొట్ట పైభాగంలో మంట, ఆకలి వేళ లేదా అర్ధరాత్రి నొప్పి, కొంచెం తినగానే కడుపు నిండినట్టు ఉండటం, వికారం: వీటిని గ్యాస్ అనుకుని నెలల తరబడి మాత్రలతో నెట్టుకొస్తారు. పెద్దవాళ్లలో ఒక్కోసారి నొప్పే ఉండదు, నేరుగా రక్తస్రావంతోనే బయటపడుతుంది. విరేచనం తారులా నల్లగా, జిగటగా అయినా, వాంతిలో రక్తం లేదా కాఫీ పొడి లాంటి నలుసులు కనిపించినా, ఉన్నట్టుండి భరించలేని కడుపునొప్పి వచ్చినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఐరన్ మాత్రలతోనూ మలం నల్లబడుతుంది, కానీ ఆ తేడా తేల్చాల్సింది డాక్టరే.

బాక్టీరియా ఉందో లేదో శ్వాస పరీక్షతోనో మల పరీక్షతోనో తెలుస్తుంది. ఆమ్లాన్ని తగ్గించే ఒమెప్రజోల్ లాంటి మాత్రలను డాక్టర్‌ను అడిగి కనీసం రెండు వారాల ముందు ఆపకపోతే ఫలితం తప్పుగా రావచ్చు. చికిత్స సాధారణంగా 14 రోజులు. నొప్పి తగ్గిందని మధ్యలో మానేస్తే బాక్టీరియా మందులకు లొంగకుండా పోతుంది. కోర్సు ముగిశాక కనీసం నాలుగు వారాలు ఆగి మళ్లీ పరీక్ష చేయించుకోవాలన్న సంగతి చాలామందికి తెలియదు. పొగతాగడం మానకపోతే మానుతున్న పుండు కూడా ఆలస్యంగా మానుతుంది.

మీ ఆరోగ్య పేజీలో ఆహార చిట్కాల పక్కన నొప్పి మాత్రల గురించి, నల్లటి విరేచనం గురించి పెద్ద అక్షరాలతో ఒక హెచ్చరిక వేయవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు