స్టాటిక్ ఐపీ అడిగినవారిని మేము ప్రశ్నలు ఎందుకు అడుగుతున్నామంటే

తెనాలిలో మా బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్ తీసుకున్న ఖాతాదారులందరికీ నమస్కారం. ఒకప్పుడు ఫోన్ చేస్తే సాయంత్రానికల్లా ఇచ్చే స్టాటిక్ ఐపీకి, అంటే ఎప్పుడూ మారని ఇంటర్నెట్ చిరునామాకు, ఇప్పుడు ఫారం నింపమంటున్నారని, నాలుగు రోజులు తిప్పుతున్నారని చాలామంది నిష్ఠూరమాడారు. ఆ మాట నిజమే. ఇంతవరకు వచ్చింది నా అజాగ్రత్త వల్ల కాబట్టి సంగతి నేనే చెప్పాలి.

మా సంస్థకు ఉన్నవి మొత్తం 512 ఐపీవీ4 (పాత రకం ఇంటర్నెట్) చిరునామాలు. ప్రపంచం మొత్తానికి ఈ రకం చిరునామాలు దాదాపు 430 కోట్లే. పంపిణీకి మూలమైన ఐయానా దగ్గర నిల్వ 2011 ఫిబ్రవరిలో అయిపోయింది. అదే ఏడాది ఏప్రిల్‌లో, ఆసియా-పసిఫిక్ ప్రాంతానికి వీటిని కేటాయించే ఏప్నిక్ తన ఆఖరి వాటాలోకి దిగి, అప్పటినుంచి రేషన్ లెక్కన ఇస్తోంది. మన దేశంలో కేటాయింపులు చూసే ఐరిన్‌కు మేము దరఖాస్తు చేసుకున్నప్పుడు ఎందుకు కావాలో కాగితాలు చూపించి మరీ తీసుకున్నాం. అంత లెక్క చెప్పి తెచ్చుకున్నవాటిని మీకు ఇచ్చేటప్పుడు మాత్రం నేను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

ఎవరికి ఏది ఇచ్చామో రాసుకునే లాంగ్‌బుక్ ఒకటి నా బల్ల మీద ఉండేది. ఈ మధ్య కూర్చుని సరిచూస్తే, వైట్‌నర్ పూసి దాని మీద మరో పేరు రాసిన వరుసలు కొన్ని, ఎప్పుడో మూతపడిన దుకాణాల పేర్ల మీదే ఉండిపోయినవి మరికొన్ని కనిపించాయి. మొత్తం 61 చిరునామాలు ఎవరికీ పనికిరాకుండా పడి ఉన్నాయి.

అంతకంటే పెద్ద తప్పు ఇంకొకటి జరిగింది. ఒక దుకాణంలోని సీసీ కెమెరాల డీవీఆర్‌కు (దృశ్యాలు రికార్డు చేసే పెట్టెకు) పబ్లిక్ ఐపీ, అంటే బయటినుంచి ఎవరైనా నేరుగా చేరగల చిరునామా, ఇచ్చాం గానీ, దానికి ఫ్యాక్టరీలో పెట్టిన పాస్‌వర్డే ఉందన్న సంగతి చూడలేదు. దాన్ని ఎవరో చేజిక్కించుకుని చెత్త మెయిళ్లు పంపడంతో మా చిరునామాల వరుస మొత్తం బ్లాక్‌లిస్టుకు, అంటే మెయిళ్లు తీసుకోకూడదని పెట్టిన జాబితాకు, ఎక్కింది. దాంతో ఏ పాపమూ ఎరగని పక్క చిరునామాలోని ఆడిటర్ గారి ఆఫీసు మెయిళ్లు, సరిగ్గా రిటర్నుల గడువు వారంలో, వెనక్కి తిరిగి వచ్చాయి. ఆయనకు ముఖం చూపించలేకపోయాను.

అందుకే ఇప్పుడు ప్రతి దరఖాస్తునూ నేనూ, మా నెట్‌వర్క్ ఇంజినీరూ కలిసి చూస్తున్నాం. ఏ యంత్రానికి కావాలి, బయటినుంచి దానిలోకి ఎవరు రావాలి, ఏ పోర్టు (యంత్రంలోకి వచ్చే దారి) తెరవాలి అన్నవే మా ప్రశ్నలు. మొన్న ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీ వారు గదుల ఉష్ణోగ్రత ఇంటినుంచి చూసుకోవడానికి ఎనిమిది చిరునామాల బ్లాక్ అడిగారు. అలాంటి బ్లాక్‌లో నెట్‌వర్క్‌కు, బ్రాడ్‌కాస్ట్‌కు, గేట్‌వేకు మూడు పోగా చేతికి మిగిలేవి అయిదే. తీరా మాట్లాడితే, ఒక్క చిరునామా మీద వీపీఎన్ (ఇంటర్నెట్ మీదుగా వేసే రహస్య దారి) పెడితే వారి గదులన్నీ కనిపిస్తాయని తేలింది. అదీ డబ్బు తక్కువలో. (మాకు రావలసిన అద్దె తగ్గిందని మా అకౌంటెంట్ సణిగాడు, అది వేరే సంగతి.)

బ్యాంకు సర్వర్ ఫలానా చిరునామా నుంచే అనుమతిస్తుందన్నవారికి, సొంత మెయిల్ సర్వర్ నడిపేవారికి, బ్రాంచీలను కలుపుకునేవారికి అనుమతి ఇవ్వడంలో మాకు సంకోచం లేదు. కెమెరాలను ఫోన్‌లో చూడటానికే అయితే చాలావరకు ఆ కెమెరాల కంపెనీ యాప్ సరిపోతుంది కాబట్టి ముందు అదే చూడమంటాం. కాదన్నప్పుడు కారణం రాతపూర్వకంగా ఇస్తాం. కొత్త రకం చిరునామా అయిన ఐపీవీ6 మాత్రం అడగనక్కరలేదు, అదనపు రుసుమూ లేదు. అయితే పాత రౌటర్లు కొన్ని దానికి పనికిరావు.

మూడు నెలలుగా వాడకం లేని చిరునామాలవారికి ముందు ఫోన్ చేసి, పదిహేను రోజులు ఆగి, ఆ తరువాతే వెనక్కి తీసుకుంటాం. ఇప్పటికే ఫారం ఇచ్చి ఎదురుచూస్తున్న పద్దెనిమిది మందికి ఈ శనివారంలోగా జవాబు వస్తుంది. డీవీఆర్ కోసం అడిగినవారు ఆలోగా దాని పాస్‌వర్డ్ మార్చి ఉంచితే మా మనిషి రెండోసారి రావలసిన పని ఉండదు.