శీనుగాడికి, బుజ్జిగాడి బ్లాడర్ సంగతి

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం అందింది. నాలుగు పేజీల్లో మూడున్నర బుజ్జిగాడి బ్లాడర్ (మూత్రాశయం) గురించే! వెన్ను లోపంతో పుట్టిన వాడికి పేగు ముక్క వేసి బ్లాడర్ పెద్దది చేసే ఆపరేషన్ చెయ్యాలన్నారనీ, పంది పేగు పొర కుడితే బ్లాడర్ మళ్లీ పెరుగుతుందని చెప్పే వీడియో చూసి మీ అక్క ఆగుదామా అంటోందనీ రాశావు. ముందు మీ అక్కకి సూటిగా జవాబు: ‘పొర’ వైద్యం వస్తుందని చెప్పి ఆపరేషన్ వాయిదా వెయ్యొద్దు.

ఆ వీడియోలో చెప్పింది అబద్ధం కాదు. పంది చిన్నపేగు లోపలి పొరనీ, బయటి కండరాన్నీ గీకేసి, కణాలన్నీ కడిగేస్తే పల్చటి కొల్లాజెన్ (శరీరాన్ని పట్టి ఉంచే పీచులాంటి ప్రొటీన్) పొర ఒకటి మిగులుతుంది. దాన్ని 1990ల్లోనే ఎలుకల, కుక్కల బ్లాడర్లకి కుట్టి చూశారు. శరీరం తన కణాల్ని దాంట్లోకి పంపుతుంది, పొర మెల్లగా కరిగిపోతుంది. మా ల్యాబ్‌లో కాన్పు తర్వాత వచ్చే మాయ నుంచి ఉమ్మనీటి సంచి పొర తీస్తాం. సెలైన్‌లో రక్తమంతా పోయేదాకా కడిగి, కింది మందపాటి పొర నుంచి వేళ్లతో నెమ్మదిగా విడదీస్తే ఉల్లిపొరలా పైకి వస్తుంది. కింద పేపర్ పెడితే అక్షరాలు చదవచ్చు. బ్లాడర్ మీద ఇదీ ప్రయత్నించారు.

ఇక్కడే, మన బంజారాహిల్స్ ఎల్.వి.ప్రసాద్ కంటి ఆస్పత్రిలో, ఇదే ఉమ్మనీటి పొర మీద కంటి స్టెమ్ సెల్స్ (కొత్త కణాల్ని పుట్టించే మూలకణాలు) పెంచి రోగులకి అతికించారు. కంట్లో పనిచేసింది బ్లాడర్‌లో ఎందుకు చెయ్యదంటావా? కంటికి పైపొర వస్తే చాలు. బ్లాడర్ నాలుగైదు వందల ఎం.ఎల్. దాకా మెత్తగా సాగాలి, మళ్లీ ముడుచుకోవాలి. లోపలి పొర కొన్ని వారాల్లోనే పరుచుకుంటుంది, ఆ మాటకి ముచ్చటేస్తుంది కూడా. కండరం మాత్రం అంచుల నుంచి పాకుతూ రావాలి. అది నడిమధ్యకి చేరేలోపు అక్కడ రక్తం అందక మచ్చకట్టి, అతుకు కుంచించుకుపోతుంది. నరాల సంగతి సరేసరి.

2006లో అమెరికా డాక్టర్ ఆంథొనీ అటాలా బృందం బుజ్జిగాడిలా వెన్ను లోపంతో పుట్టిన ఏడుగురికి, వాళ్ల సొంత బ్లాడర్ కణాలు పెంచి అమర్చిన ఫలితాలు ప్రకటించింది. పేపర్లన్నీ ఊదరగొట్టాయి. అదే దారిలో 10 మంది పిల్లల మీద చేసిన ట్రయల్ ఫలితాలు 2014లో వచ్చాయి: బ్లాడర్ సాగడం చెప్పుకోదగ్గట్టు మెరుగుపడలేదు, కొందరికి తీవ్రమైన ఇబ్బందులు కూడా. దాని గురించి వీడియోలు ఎవడు చేస్తాడు చెప్పు!

అందుకే డాక్టర్లు ఇంకా పేగు ముక్కే వేస్తున్నారు. దానికీ లోపాలున్నాయిరా. పేగు పనే పీల్చుకోవడం కాబట్టి మూత్రంలోని లవణాలు రక్తంలోకి తిరిగి వెళ్లి ఆమ్లం పెరుగుతుంది. జిగురు వస్తుంది, రాళ్లు కడతాయి, రోజూ గొట్టం వేసి మూత్రం తీయాలి, బ్లాడర్ కడగాలి. కానీ బ్లాడర్‌లో ప్రెషర్ తగ్గించి కిడ్నీల్ని కాపాడుతుంది. వాడి కిడ్నీలు బాగుండగానే చేయించడం ముఖ్యం.

అక్కని యూరోడైనమిక్స్ (బ్లాడర్ ప్రెషర్ కొలిచే పరీక్ష) రిపోర్టూ, కిడ్నీ స్కానూ ఫోటో తీసి పంపమను. ఇక్కడ తెలిసిన పిల్లల యూరాలజిస్టుకి చూపిస్తాను. టెన్షన్ పడొద్దని చెప్పు. వచ్చేటప్పుడు వాడు వాడే గొట్టాలు నాలుగైదు రోజులకి సరిపడా తెచ్చుకోండి, సైజు ఇక్కడ దొరక్కపోతే కష్టం. మా ఇంట్లోనే దిగండి, లాడ్జీ గీడ్జీ అన్నావంటే తంతాను.

నీ
మూర్తి