మందుల ప్రయోగాలకు ఫోన్‌లో పిలుపు: ఆరోగ్య శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ వైద్య, ఆరోగ్య శాఖ మంత్రివర్యులకు,

నమస్కారములు. నేను వైద్యుణ్ని కాను. మనుషుల మీద జరిగే పరిశోధనలను ముందుగా పరిశీలించి అనుమతి ఇచ్చే ఎథిక్స్ కమిటీ ఒకటి ప్రతి పరిశోధనకూ ఉంటుంది. ఒక వైద్య సంస్థలోని అలాంటి కమిటీలో సామాన్య ప్రజల తరఫున కూర్చునే సభ్యుణ్ని. కొత్త మందులు, చికిత్సల మీద జరిగే పరిశోధనలకు మనుషులను చేర్చుకోవడానికి ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో ఇస్తున్న ప్రకటనల గురించి మీ దృష్టికి తేవలసిన సంగతి ఒకటి ఉంది.

అలాంటి ప్రకటన ఎలా ఉంటుందో ముందు చెబుతాను. ‘షుగర్‌తో బాధపడుతున్నారా? పరీక్షలు ఉచితం, మందులు ఉచితం, దారి ఖర్చులు మావే’ అని పెద్ద అక్షరాలు, పక్కన నవ్వుతున్న ఒక పెద్దాయన ఫొటో, కింద ‘ఇప్పుడే నమోదు చేసుకోండి’ అనే బటన్. ఇది పరిశోధన అన్న ముక్క ఎక్కడో అడుగున ఉంటుంది. బటన్ నొక్కగానే పేరు, ఫోన్ నంబరు, జబ్బు ఎన్నేళ్లుగా ఉంది, ఇన్సులిన్ వాడుతున్నారా అని అడుగుతారు. పరిశోధన చేస్తున్నది ఎవరో, అనుమతి ఇచ్చిన కమిటీ ఏదో తెలియకముందే మనిషి తన ఒంటి సంగతులన్నీ అప్పజెప్పేస్తాడు. కొందరైతే ఆ ఫారం దాకా కూడా వెళ్లరు. ‘మా అమ్మకు చాలా ఏళ్లుగా షుగర్, కాలికి పుండు మానడం లేదు, ఈ నంబరుకు చేయండి’ అని కింద కామెంట్లలోనే, ఊరంతా చూసేచోట రాసేస్తారు. వాటిని తీసేసే నాథుడు ఉండడు.

2019 నాటి కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ (మనుషుల మీద మందుల ప్రయోగాలు) నిబంధనల ప్రకారం, మనుషులను చేర్చుకునే పద్ధతిని, అందుకు వాడే ప్రకటనలతో సహా, ఎథిక్స్ కమిటీ పరిశీలించాలి. అయితే కమిటీ బల్ల మీదికి వచ్చేది ఇంగ్లిషులో టైపు చేసిన ఒక కాగితం, జనం చూసేది ఆ తర్వాత ప్రకటనల ఏజెన్సీ తెలుగులో తయారుచేసిన వీడియో. ప్రయోగంలో చేరినవారిలో కొందరికి అసలు మందు బదులు ఉత్తుత్తి మాత్ర ఇచ్చే అవకాశం ఉంటుందని, ఇష్టం లేకపోతే ఎప్పుడైనా మానుకోవచ్చునని కాగితంలో ఉన్న మాటలు వీడియోకు వచ్చేసరికి మాయమైపోతాయి. సమ్మతి పత్రం మీద సంతకం తీసుకునే వేళకు మనిషి మనసు అప్పటికే సగం ఒప్పుకుని ఉంటుంది కనుక, ఆ ఒప్పించడం మొదలైన చోటునే మేము చూడలేకపోతే మా పరిశీలనకు అర్థం లేదు.

మన ప్రాంతానికి ఇది కొత్త బెడద కాదు. డబ్బు ఆశ చూపి పిడుగురాళ్ల పేద మహిళలను హైదరాబాద్ తీసుకెళ్లి మందుల ప్రయోగాల్లో చేర్చారన్న ఉదంతం 2011లో బయటపడింది. అప్పట్లో ఆ పని చేయడానికి ఊళ్లో తిరిగే మధ్యవర్తి ఒకడు కావలసి వచ్చాడు, గొడవైతే అతన్ని నిలదీయడానికైనా వీలుండేది. ఇప్పుడు ఆ మధ్యవర్తి స్థానంలోకి ప్రకటన వచ్చింది.

ఆ ప్రకటన ఎవరికి కనబడాలో తేల్చే తీరు ఇంకా ఆందోళన కలిగిస్తుంది. ఆరోగ్యానికి సంబంధించిన ఆసక్తులను బట్టి ప్రకటనలు గురిపెట్టే ఏర్పాటును ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లను నడిపే మెటా సంస్థ 2022 జనవరిలో తొలగించింది, నిజమే. కానీ ఒక ఆసుపత్రి తన రోగుల ఫోన్ నంబర్ల జాబితాను ఎక్కిస్తే వారికే, వారిని పోలిన మరికొందరికి కూడా ప్రకటన చూపించే మార్గం ఉంది. విజయవాడ సూర్యారావుపేటలోనో, గుంటూరు కొత్తపేటలోనో ఓపీ చీటీ రాయించుకునేటప్పుడు మనం చెప్పిన నంబరు అలా వెళ్లకూడదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఏ పనికి సమ్మతి తీసుకున్నారో ఆ పనికే వివరాలు వాడాలంటోంది. ఆ సమ్మతి కోరే నోటీసును తెలుగులో చదువుకునే హక్కు కూడా ఇస్తోంది. పైగా మన ఇళ్లలో ఒకే ఫోన్‌ను నలుగురు వాడతారు. సంతానలేమి మీదో, హెచ్‌ఐవీ మీదో ఒకరికి వచ్చిన ప్రకటన ఇంటిల్లిపాదికీ కనబడితే ఏమవుతుందో మీకు వేరే చెప్పనక్కరలేదు.

ఇలాంటి ప్రకటనలను నిషేధించమని నేను కోరడం లేదు. అరుదైన జబ్బులున్నవారు ఒక్క ఆసుపత్రిలో పదిమంది దొరకడం కష్టం, గోడ మీద అంటించిన పోస్టరు ఆ ఆసుపత్రికి వచ్చినవారికి తప్ప కనబడదు. పరిశోధనకు మనుషులు చాలక మధ్యలో ఆగిపోతే అప్పటికే చేరినవారి శ్రమ వృథా అవుతుంది. నిజాయితీగా రాసిన ప్రకటన పరిశోధకులకూ మేలే.

ట్రయల్స్ అనుమతులు కేంద్రం పరిధిలోనివని మీ అధికారులు అనవచ్చు. అయితే ప్రభుత్వ వైద్య కళాశాలలు మీ చేతిలో ఉన్నాయి, ప్రైవేటు ఆసుపత్రుల రిజిస్ట్రేషన్‌కు 2002 నాటి రాష్ట్ర చట్టం ఉంది. జనం చూడబోయే ప్రకటన తెలుగులో, తుది రూపంలో, దాని వెనుక ఉండే ఫారంతోనూ, అది ఎవరికి చూపుతారన్న వివరంతోనూ కమిటీ ఆమోదం పొందాకే బయటికి రావాలనీ, దాని మీద క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ (దేశంలో ఇలాంటి ప్రయోగాలను నమోదు చేసే పట్టిక) నంబరు స్పష్టంగా ఉండాలనీ, కామెంట్లు మూసి ఉంచాలనీ, రోగుల నంబర్లు ప్రకటనల సంస్థలకు ఇవ్వరాదనీ ఒక ఉత్తర్వు ఇవ్వడానికి మీకు ఢిల్లీ అనుమతి అవసరం లేదని నా నమ్మకం.

ఆ రిజిస్ట్రీ ఇంగ్లిషులో ఉంది. మిర్చి యార్డులో బస్తాలు మోసే మనిషి దాన్ని తెరిచి వెతుక్కోలేడు కనుక, 104కు ఫోన్ చేసి నంబరు చెబితే ఆ పరిశోధన నమోదైందో లేదో, ఎక్కడ ఎవరి ఆధ్వర్యంలో జరుగుతోందో తెలుగులో చెప్పే ఏర్పాటు చేయించండి. మీ కార్యాలయం రాష్ట్రంలోని ఎథిక్స్ కమిటీల సభ్యులను ఒకసారి విజయవాడకు పిలిపిస్తే, నేను దాచి ఉంచిన ప్రకటనల నమూనాలను తీసుకువచ్చి మీ ముందుంచుతాను.

ఇట్లు,
భవదీయుడు,
ఎథిక్స్ కమిటీ సామాన్య సభ్యుడు,
గుంటూరు