వెనుక సీటులోంచి హార్వర్డ్

విశాఖపట్నం

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం అంది నెల దాటినా జవాబు రాయనందుకు కోపగించుకోకు. ఇంగ్లండులో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్లి మొన్ననే తిరిగి వచ్చాము. అక్కడ జరిగినది నీకు తప్ప మరొకరికి చెప్పినా అర్థం కాదు. దాదాపు ఆరు దశాబ్దాల తరువాత నేను మళ్లీ మన శిక్షణ విమానం హార్వర్డ్ నడిపాను!

కేంబ్రిడ్జ్ సమీపంలోని డక్స్‌ఫర్డ్‌లో యుద్ధకాలపు విమానాలను ఇప్పటికీ ఎగిరే స్థితిలో ఉంచుతున్నారు. డబ్బు చెల్లిస్తే, పక్కా పైలట్ ఒకరు తోడుండగా, మనవంటివారి చేతికి కూడా కాసేపు కంట్రోళ్లు ఇస్తారు. "చింత చచ్చినా పులుపు చావలేదు" అని నీ చెల్లెమ్మ ఎత్తిపొడిచింది కాని, టికెట్టు కొనమని అమ్మాయికి చెప్పింది కూడా ఆవిడే. ఇక్కడ రోజూ ఉదయం బీచ్ రోడ్డులో నడుస్తూ, 29 ఏళ్లు నౌకాదళంలో పనిచేసి 2017లో మ్యూజియంగా మారిన టీయూ-142 విమానం దగ్గర ఆగి, కదలని ఆ ఎనిమిది ప్రొపెల్లర్లను చూసి రావడం నాకు అలవాటని ఆవిడకు తెలుసు.

రెక్క మీదికి ఎక్కడానికే ఇద్దరు చేయి అందించవలసి వచ్చింది. ఆ సంగతి అంతటితో వదిలేద్దాం. లోపల కూర్చున్నాక మాత్రం పెట్రోలు, వేడెక్కిన నూనె, పాత తోలు కలిసిన ఆ వాసన నన్ను నేరుగా మనం విమానం నడపడం నేర్చుకున్న బేగంపేటకు తీసుకుపోయింది. ముందు సీటులోని పైలట్ ఇంజనులోకి పెట్రోలు పంపే ప్రైమర్ కొట్టి, స్టార్టర్ పెడలును మడమతో తొక్కి ఫ్లైవీలు వేగం అందుకునేదాకా ఆగి, ఆపై కాలి మునివేళ్లతో నొక్కగానే, తొమ్మిది సిలిండర్ల ఆ ఇంజను రెండుసార్లు దగ్గి, నీలిపొగ కక్కి, రాజుకుంది. చక్రాలు దించాలన్నా, ఫ్లాపులు వేయాలన్నా ముందుగా హైడ్రాలిక్ మీట నొక్కాలన్న సంగతిని మరిచిపోయి మనం తిన్న తిట్లు నీకు గుర్తున్నాయా? నాకైతే ఆ మీట ఎక్కడుందో వెదకనక్కరలేకపోయింది.

టేకాఫ్‌లో తోక లేచేటప్పుడు విమానం ఎడమకు లాగుతుందని బుద్ధి గుర్తుచేసేలోపే నా కుడికాలు విమానం ముక్కును పక్కకు తిప్పే రడ్డరు పెడలును నొక్కేసింది. పైలట్ ఏమీ అనలేదు. అతని పాదాలు కూడా పెడళ్ల మీదే ఉన్నాయనుకో. మూడు వేల అడుగుల ఎత్తున కంట్రోళ్లు పూర్తిగా నాకు అప్పగించాడు. మొదటి రెండు మలుపులలో ఎత్తు జారవిడిచి సిగ్గుపడ్డాను, మూడోది కుదిరింది. వేగం తగ్గి రెక్కలు పట్టు కోల్పోయే స్టాల్ చూపమని అడిగితే, ముక్కు పైకెత్తి వేగం తగ్గించాడు. పెద్దగా హెచ్చరిక లేకుండానే ఒక రెక్క వాలిపోయింది. ఆ దొంగబుద్ధి ఇన్నేళ్లకు కూడా పోలేదు!

అసలు నీకు చెప్పాలనుకున్నది దిగేటప్పటి సంగతి. శిక్షణలో మనం ముందు సీటులో, మనకు నేర్పిన ఫ్లైట్ లెఫ్టినెంట్ గారు వెనుక సీటులో కూర్చునేవాళ్లం కదా. ఈసారి నన్ను కూర్చోబెట్టింది ఆయన సీటులో. చక్రాలు నేలకు తగిలే వేళకు నాకు ఎదురుగా కనిపించినది ఒక మనిషి తల, దాని ముందు ఎత్తుగా లేచిన ఇంజను మూత, అంతే. రన్‌వే అనేది రెండు పక్కల పరుగెత్తే పచ్చికగా మాత్రమే మిగిలింది. కాస్త అశ్రద్ధ చేస్తే తోక ముందుకు తిరిగిపోయే విమానాన్ని, ఏమీ కనబడని ఆ సీటులో ఊపిరి బిగబట్టి కూర్చుని, ఇరవై ఏళ్ల కుర్రవాళ్ల చేతికి రోజుకు ఎన్నిసార్లు అప్పగించేవాడో ఆ మహానుభావుడు! ఆయన అరుపులకు మనం మెస్సులో పెట్టిన పేరు తలచుకుని అక్కడే నవ్వు వచ్చింది, ఆ వెంటనే మనసు కొంచెం చివుక్కుమంది.

బేగంపేటలో విమానం పక్కన నిలబడి తీయించుకున్న ఫొటో నీ పెట్టెలో ఉండాలి. వెదికి, ఒక ప్రతి తీయించి పంపు. అందులో ఆయన ముఖం ఎలా ఉందో మరొకసారి చూడాలని ఉంది.

నీ
వైజాగు మిత్రుడు