దెయ్యం సినిమాని పసివాళ్ల కోసం కొయ్యొద్దు

గౌరవనీయ సంపాదకులకు,

పేరున్న దర్శకుడు కుర్రకారు కోసం తీసిన హారర్ కామెడీ తేలిపోయినప్పుడల్లా సమీక్షలు ఒకే మాట రాస్తాయి: కథలో పస లేదు, భయమూ లేదు, నవ్వూ లేదు. ఎందుకు లేదో మాత్రం రాయవు. చాలాసార్లు తప్పు కథది కాదు. షూటింగ్ అయ్యాక 'ఇంటిల్లిపాదీ చూడాలి' అంటూ వేసే కోతలది.

వెస్ క్రేవెన్ తీసిన 'కర్స్‌డ్' (2005) చూడండి. 1984లో 'ఎ నైట్‌మేర్ ఆన్ ఎల్మ్ స్ట్రీట్', 1996లో 'స్క్రీమ్' తీసిన దర్శకుడాయన. 'స్క్రీమ్' రాసిన కెవిన్ విలియమ్సనే దీనికీ రచయిత. తోడేలుగా మారే మనిషి కాటు పడ్డ అక్కాతమ్ముళ్ల కథ. తమ్ముణ్ని స్కూల్లో ఏడిపిస్తుంటారు, కాటు పడ్డాక అదే కుర్రాడు కుస్తీలో వాళ్లను ఎత్తి కుదేస్తాడు. టీనేజ్ సినిమాకి ఇంతకన్నా మంచి సరుకేం కావాలి? కానీ 2003లో మొదలైన షూటింగ్ మధ్యలో ఆగింది. కథ తిరగరాశారు, నటుల్ని మార్చారు, చాలా భాగం మళ్లీ తీశారు. 'ఏన్ అమెరికన్ వేర్‌వుల్ఫ్ ఇన్ లండన్' (1981) మేకప్‌కి ఆస్కార్ అందుకున్న రిక్ బేకర్ చేసిన తోడేలు చాలావరకు పోయి, గ్రాఫిక్స్ తోడేలు వచ్చింది. ఆఖర్న, పెద్దల కోసం తీసిన సినిమాని పీజీ-13 (13 ఏళ్లలోపు పిల్లల విషయంలో తల్లిదండ్రుల్ని హెచ్చరించే అమెరికా రేటింగ్) కోసం కోసేశారు. తర్వాత డీవీడీలో కోతల్లేని ప్రతి వచ్చింది. రక్తం తిరిగొచ్చింది గానీ భయం రాలేదు, ఎందుకంటే తోడేలు మాత్రం ఆ గ్రాఫిక్స్‌దే. నేల మీద దాని బరువు ఆనదు.

భయపెట్టే సన్నివేశంలో మూడు భాగాలుంటాయి: ఎదురుచూపు, దెబ్బ, ఊపిరి వదలడం. నవ్వు పండేది ఆ మూడోదాంట్లోనే. బిగబట్టిన ఊపిరి వదులుతున్నప్పుడు చిన్న మాటకైనా హాలంతా పగలబడుతుంది. సెన్సార్ కోసం తీసేసేది మధ్యలో ఉన్న దెబ్బని. సెకనుకి 24 ఫ్రేములు, పన్నెండు తీసేస్తే అర సెకను. అంతే కదా అనుకుంటారు. కానీ ఆ తర్వాత వచ్చే జోకు గాల్లో వేలాడుతుంది. పైగా కట్ పడ్డ చోట రీరికార్డింగ్ మళ్లీ సరిచూడకపోతే, పైకి ఎక్కుతున్న సంగీతం ఠక్కున తెగుతుంది. జనం దాన్నే 'కనెక్ట్ కాలేదు' అంటారు.

రెండో తప్పు, భయపెట్టాల్సినవాడి చేతే జోకు వేయించడం. 'కర్స్‌డ్'లో దాక్కున్న తోడేలుని బయటికి రప్పించడానికి హీరోయిన్ దాని అందాన్ని వెక్కిరిస్తుంది. అది బయటికొచ్చి మధ్యవేలు చూపిస్తుంది. హాలు నవ్వుతుంది, నిజమే. ఇక మిగతా సినిమాలో ఆ తోడేలుకి ఎవరూ జడవరు. మన తోలుబొమ్మలాట ఆడేవాళ్లకి ఇది ఎప్పుడో తెలుసు. కాకినాడ దగ్గర మాధవపట్నం బొమ్మలు చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు: నవ్వించే పని కేతిగాడిది, బంగారక్కది. రావణుడు రావణుడే.

మన నిర్మాతలు కోతకి ఒప్పుకునేది 'ఏ' సర్టిఫికెట్‌కి భయపడి. 'ఏ' వస్తే 18 ఏళ్లలోపు వాళ్లకి టికెట్ ఇవ్వకూడదు, టీవీలో వేయాలంటే వేరే సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. ఒకప్పుడు యూ/ఏ అంటే 12 ఏళ్లలోపు వాళ్లకి సంబంధించిన ఒకే గీత. 2023 చట్ట సవరణ, 2024 నిబంధనలతో అది మూడైంది: యూఏ 7+, 13+, 16+. ఇవి తల్లిదండ్రులకిచ్చే సూచనలే, గేటు దగ్గర ఎవర్నీ ఆపవు. అంటే ఇంటర్ కుర్రాళ్ల కోసం తీసిన సినిమాకి దర్జాగా 16+ తీసుకోవచ్చు. ఏడేళ్ల పిల్లాడికి కూడా నచ్చాలని నలిపేయక్కర్లేదు.

ఆ సంఖ్యని స్క్రిప్టు దగ్గరే తేల్చుకోవాలి. దెబ్బ పడే ప్రతిచోటా చూస్తున్నవాడి ముఖం, గోడ మీద నీడ, తలుపు అవతలి చప్పుడు విడిగా తీసి ఉంచుకుంటే, సెన్సార్ అభ్యంతరం చెప్పినా షాట్ మారుతుంది గానీ లయ పోదు. మాటలు, సంగీతం, ఎఫెక్టులు వేర్వేరు ట్రాకులుగా దాచుకుంటే మిక్సింగ్ సరిచేయడం ఒక్కరోజు పని. పెద్ద జోకు తర్వాత రెండు మూడు సెకన్లు మాటలు ఉండకూడదు, లేదంటే ఫస్ట్ షో నవ్వుల్లో తర్వాతి డైలాగ్ కొట్టుకుపోతుంది.

హాళ్ల బాధ్యతా ఉంది. డిజిటల్ ప్రొజెక్షన్‌కి తెర మీద వెలుగు 14 ఫుట్-లాంబర్ట్‌లు (తెర వెలుగుని కొలిచే లెక్క) ఉండాలి. పాతబడ్డ ల్యాంపుతో నడిపితే రాత్రి సన్నివేశం బూడిదరంగు ముద్దవుతుంది. సినిమా మిక్స్ చేసేది ఫేడర్ (హాల్లో శబ్దం పెంచి తగ్గించే మీట) 7 దగ్గర. ట్రైలర్ల మోత భరించలేక 4కి దించి అక్కడే వదిలేస్తే గుసగుసలు వినపడవు, గుసగుస వినపడని చోట కేకకి విలువ లేదు.

మీకో విన్నపం. జిల్లా పేజీలో భీమవరం, పాలకొల్లు, తణుకు, అమలాపురం హాళ్ల సినిమాలు వేసేటప్పుడు పేరు పక్కన 7+, 13+, 16+ లలో ఏదో కూడా వేయించండి. తెర మీద సర్టిఫికెట్ కనపడేసరికి టికెట్ కొని, పిల్లని ఒళ్లో కూర్చోబెట్టుకుని ఉంటారు. సమీక్షలోనూ ఆ సంఖ్య మొదటి వరుసలో ఉండాలి, సినిమా ఆ వయసువాళ్లకి సరిపోయిందా లేదా అన్నది రాయాలి.

– ఒక పాఠకుడు, అమలాపురం