ఆ పెద్ద వంటలో నాకు అండగా నిలిచినవారికి కృతజ్ఞతలు

గత నెలలో ఒక కుటుంబం తమ మూడు తరాల బంధువులనూ ఒకచోట చేర్చి జరుపుకున్న వేడుకకు మధ్యాహ్న భోజనం వండి అందించే బాధ్యతను నాకు అప్పగించింది. అతిథులు దాదాపు 150 మంది. వారమంతా ఉద్యోగం చేసుకుంటూ, సెలవు రోజుల్లో మాత్రం ఇంటి నుంచే పదిమందికో ఇరవైమందికో వండి ఇచ్చే నాకు అంత పెద్ద పని చేపట్టడం అదే మొదలు. భోజనం వేళకు అందింది, అందరికీ సరిపోయింది, తిన్నవారిలో ఎవరికీ ఏ ఇబ్బందీ కలగలేదు. అయితే ఆ తర్వాత వచ్చిన మెచ్చుకోళ్లన్నీ నా ఒక్కదాని పేరు మీదే వచ్చాయి. వాటిలో నాకు చెందే వాటా చాలా తక్కువ. ఎవరు ఏమి చేశారో, చేసినది ఆ రోజు వంటకు ఎందుకంత ముఖ్యమైందో విడమరచి చెబితేనే నా కృతజ్ఞత చెప్పినట్టవుతుందని భావించి ఇది రాస్తున్నాను. ఇంటి వంటతో ఇటువంటి పని తలపెట్టబోయేవారికి కూడా ఇందులో పనికివచ్చే సంగతులు ఉంటాయని నా నమ్మకం.

అందరికంటే ముందుగా మా నాన్నగారి స్నేహితులకు, నేను బాబాయిగారూ అని పిలిచే పెద్దాయనకు నమస్కరిస్తున్నాను. వారు ఒక పెద్ద క్యాంటీనులో ఉద్యోగమంతా వంటశాలలోనే గడిపి విశ్రాంతి తీసుకుంటున్నవారు. నేను వంటకాల జాబితా పట్టుకుని వెళితే, వారు దాన్ని చదవకుండానే పక్కన పెట్టి, "నీ దగ్గర ఎన్ని పొయ్యిలున్నాయమ్మా? వండినది చల్లార్చడానికి చోటెంత ఉంది?" అని అడిగారు. ఆ రెండు ప్రశ్నలే నా ప్రణాళికను మొత్తంగా మార్చేశాయి. ఏమి వండాలన్నది అప్పటివరకు నేను నా చేతి నైపుణ్యాన్ని బట్టే ఆలోచించాను. నా పొయ్యి ఎంతవరకు మోయగలదన్న ఆలోచన నాకు తట్టలేదు.

వారు కాగితం మీద లెక్క వేసి చూపించారు. 40 లీటర్ల నీళ్లు మామూలు వేడి నుంచి మరగాలంటే, ఇంటి పొయ్యిలోని పెద్ద మంట మీద, గిన్నె చుట్టూ వృథాగా పోయే వేడిని కూడా కలుపుకుంటే, రెండు గంటలకు పైగానే పడుతుంది. గిన్నెను పొడవు, వెడల్పు, ఎత్తు మూడింటిలోనూ రెట్టింపు చేస్తే లోపల పట్టేది ఎనిమిది రెట్లవుతుంది గాని, పైతలం నాలుగు రెట్లే పెరుగుతుంది. అందుకే పెద్ద గుండిగ వేడెక్కడమూ ఆలస్యమే, చల్లారడమూ ఆలస్యమే. అందులోంచి ఆవిరై పోయే నీరు కూడా లీటరుకు లెక్కగడితే తక్కువే. పదిమందికి సరిపోయే కొలతలను పదిహేనుతో గుణించి అంతే నీళ్లు పోస్తే కూర పలచబడిపోవడానికి కారణం ఇదే. నీళ్లు తగ్గించి మొదలుపెట్టమనీ, ఉప్పూ కారమూ లెక్కకు వచ్చినదాంట్లో మూడు వంతులే ముందు వేసి, రుచి చూసి తక్కినది కలపమనీ చెప్పారు. ఉల్లిపాయలను మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ ఒకేసారి కుమ్మరించవద్దన్నారు. మూకుడు కిక్కిరిసిపోతే అవి ఊర్చిన నీటిలోనే ఉడుకుతాయి తప్ప వేగవు. ఆ నీరంతా ఇగిరిపోయేదాకా, వేగినప్పుడు వచ్చే ఆ రంగూ కమ్మదనమూ రావు. ముందురోజు సాయంత్రం వారే స్వయంగా వచ్చి, విడతలు విడతలుగా వేయించిన ఉల్లిపాయలను ఒక పళ్లెంలో పరిచి, ఒక్కొక్క విడత రంగునూ ముందు విడత రంగుతో పోల్చి చూసి గాని తర్వాతి విడతకు నన్ను కదలనివ్వలేదు.

నేను వారికి మరింత రుణపడి ఉన్నది చల్లార్చడం గురించి నేర్పినందుకు. వంట బాగా ఉడికితే క్రిములన్నీ చచ్చిపోతాయని మనలో చాలామంది నిశ్చింతగా ఉంటాం. క్లాస్ట్రిడియం పెర్‌ఫ్రింజెన్స్ అనే సూక్ష్మజీవి బీజాలు మామూలు వంట వేడికి చావవు. పెద్ద గుండిగలో కూర మెల్లగా చల్లారుతున్నప్పుడు, ముఖ్యంగా 43 నుంచి 47 డిగ్రీల సెల్సియస్ మధ్య, అవి మొలకెత్తి చాలా వేగంగా పెరుగుతాయి. అన్నం విషయంలో బాసిల్లస్ సీరియస్ అనే మరొకటి ఇలాంటిదే. అన్నం గది వేడిలో ఉండిపోతే అది వాంతులు కలిగించే విషాన్ని తయారు చేయగలదు, ఆ విషం మళ్లీ వేడి చేసినా నశించదు. పైకి వాసనలో గాని రుచిలో గాని తేడా తెలియకపోవచ్చు. ఈ రెండు సంగతులూ తెలిసినప్పటి నుంచి నా వంటగదిలో గడియారాన్ని చూసే తీరే మారిపోయింది.

అందువల్ల అన్నాన్ని ముందుగా వండే ఆలోచన మానేసి, ఆ ఉదయమే చిన్న చిన్న విడతలుగా వండాలని నిశ్చయించుకున్నాం. ముందురోజు వండక తప్పని గ్రేవీల కోసం బాబాయిగారు ఒక పద్ధతి పెట్టారు. గుండిగ దించగానే అందులోని పదార్థాన్ని అయిదు సెంటీమీటర్ల లోతు దాటకుండా వెడల్పాటి పళ్లేలలోకి మార్చడం ఒకటి. మరీ చిక్కగా ఉన్న గ్రేవీలోకి, నీళ్లు నింపి గడ్డకట్టించిన సీసాలను బయటంతా శుభ్రంగా కడిగి, మూత గట్టిగా బిగించి దింపి, వాటితోనే కలియబెట్టడం రెండోది. వారు సీసా మెడ పట్టుకుని గిన్నె అంచు వెంట మెల్లగా తిప్పుతూ, మధ్యమధ్యలో థర్మామీటరు మొనను సరిగ్గా గిన్నె నడిమధ్యకు దించి అంకె చదివేవారు. అంచు దగ్గర కొలిస్తే లోపలి వేడి తెలియదని వారి మాట. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ నమూనా నియమావళి ప్రకారం, వండిన పదార్థం 57 డిగ్రీల నుంచి 21 డిగ్రీలకు రెండు గంటల్లోపు, అక్కడి నుంచి 5 డిగ్రీలకు మరో నాలుగు గంటల్లోపు దిగాలి. ఆ నియమావళి పేరు వారు ఎన్నడూ ఎత్తలేదు గాని, వారు చేయించిన పని దానికి ఎక్కడా తగ్గలేదు.

నా ప్రణాళిక కాగితంలో వారు ఎర్ర పెన్సిలుతో కొన్నిచోట్ల సున్నాలు చుట్టారు. పచ్చి మాంసం కోసిన బల్ల మీదికి కూరగాయలు వచ్చే చోటు, గ్రేవీ చల్లారే చోటు, మళ్లీ వేడి చేసే చోటు, బండిలో ప్రయాణించే చోటు. తక్కిన వాటిలో కాస్త అటూ ఇటూ అయినా రుచి మాత్రమే తగ్గుతుందని, ఈ నాలుగు చోట్ల పొరపాటు జరిగితే మనుషులు జబ్బుపడతారని చెప్పారు. 1960లలో వ్యోమగాముల ఆహారం కోసం నాసాతో కలిసి పిల్స్‌బరీ సంస్థ రూపొందించిన పద్ధతి మూలసూత్రం కూడా ఇదేనని తర్వాత చదివి తెలుసుకున్నాను. తయారైన ఆహారాన్ని చివర్లో పరీక్షించడం కంటే, తయారవుతున్నప్పుడే ప్రమాదం తలెత్తే చోట్లను గుర్తించి అక్కడ కాపలా ఉండాలన్నది దాని సారం. ఏ పుస్తకమూ తెరవకుండా అనుభవంతోనే అక్కడికి చేరుకున్న మనిషి పక్కన నిలబడి పనిచేసే అవకాశం దొరికినందుకు నేను గర్విస్తున్నాను.

మా ఇరుగుపొరుగువారి సహాయం లేకపోతే ఈ పాఠాలన్నీ కాగితం మీదే మిగిలిపోయేవి. మా ఒక్క ఫ్రిజ్‌లో అన్ని పళ్లేలు పట్టవు. వేడివేడి గిన్నెలు ఒకేసారి లోపల పెడితే అది చల్లబరచడం అటుంచి, అందులో ఉన్న తక్కిన పదార్థాలు కూడా వేడెక్కుతాయి. పక్కింటి అక్కయ్యగారు, పై అంతస్తులోని దంపతులు, ఎదురింటి మామ్మగారు తమ ఫ్రిజ్‌లలో ఒక్కొక్క అరను ఖాళీ చేసి ఇచ్చారు. ఎదురింటి మామ్మగారైతే అడగకముందే, పై అరలో వండినవి, కింది అరలో పచ్చివి ఉండాలంటూ తమ సామాను సర్దుకుని మరీ చోటిచ్చారు. గడ్డకట్టిన సీసాలన్నీ వీరి ఇళ్లలో తయారైనవే. అర్ధరాత్రి దాకా తలుపు తీసి ఉంచినందుకు వీరందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను.

వేడుక జరుపుకున్న కుటుంబానికి కూడా నేను కృతజ్ఞతలు చెప్పుకోవాలి. డబ్బు ఇచ్చి పని చేయించుకున్నవారికి కృతజ్ఞత ఏమిటని ఎవరైనా అనుకోవచ్చు. కానీ వండేవారికి నిజం చెప్పే ఆతిథేయులు దొరకడం అదృష్టం. ఆ ఇంటి పెద్ద కోడలు పిలిచినవారి సంఖ్య, వస్తామని మాట ఇచ్చినవారి సంఖ్య, అందులో పిల్లలెందరన్నది వేరువేరుగా రాసి ఇచ్చారు. ఆ లెక్క ఉండబట్టే మనిషికి సుమారు 100 గ్రాముల బియ్యం చొప్పున మొదలుపెట్టి, వంటకాల సంఖ్యను బట్టి ఒక్కొక్కదాన్నీ తగ్గించుకుంటూ రాగలిగాను. బియ్యం ఉడికితే బరువులో దాదాపు మూడింతలవుతాయి కనుక అక్కడ తప్పుడు లెక్క మిగులునూ అలాగే పెంచుతుంది.

అంతకంటే విలువైన పని వారు మరొకటి చేశారు. ఎవరికి ఏ పదార్థం పడదో అతిథులందరినీ అడిగి తెలుసుకున్నారు. ఒక పిల్లవాడికి వేరుసెనగ పడదని, ఇంకొకరికి పాలు, మరొకరికి గోధుమ పడవని అలా తెలిసింది. వేరుసెనగ వంటివి పడనివారికి లేశమాత్రం తగిలినా ప్రాణం మీదికి రావచ్చు, వేయించినా ఉడికించినా ఆ ప్రమాదం పోతుందని నమ్మకూడదు. ఆ పిల్లవాడి భోజనాన్ని వేరే గిన్నెలో, వేరే గరిటెతో, అసలు వేరుసెనగ అడుగుపెట్టని పొయ్యి మీద అందరికంటే ముందు వండి, మూతపెట్టి పేరు రాసి ఉంచాం. వాళ్ల అమ్మగారు వచ్చి, ఏ నూనె వాడామో, ఏయే దినుసులు వేశామో ఒక్కొక్కటీ అడిగి, పొట్లాల మీది రాతలు తానే చదివి చూసుకున్నాక పిల్లవాడిని భోజనానికి కూర్చోబెట్టారు. అంత నిశితంగా అడిగినందుకు ఆ తల్లికి నా ప్రత్యేక కృతజ్ఞతలు. అలా అడగడం వండినవారిని అనుమానించడం కాదు, అడిగినప్పుడే మేము కూడా మరొకసారి సరిచూసుకుంటాం.

నాతోపాటు ఉద్యోగం చేసే మిత్రురాలు వడ్డన వేళ నుంచి వెనక్కి లెక్కిస్తూ, ఏ పొయ్యి మీద ఏ గంటకు ఏది ఎక్కాలో, ఏది దిగాలో ఒక పట్టిక తయారుచేసి గోడకు అంటించారు. ఆ ఉదయం నేను ఆలోచించే అవసరమే లేకుండా దాన్ని చదువుతూ పనిచేశాను. గ్రేవీలు మళ్లీ మరిగేదాకా వేడయ్యాయా, బండి ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ 60 డిగ్రీలకు పైనే ఉన్నాయా అన్నది ప్రతిసారీ కొలిచి ఆ పట్టిక అంచునే రాసిపెట్టింది కూడా ఆమే. వండినది గది వేడిలో రెండు గంటలకు మించి ఉండకూడదన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచనను ఆమె ఎంత పట్టుదలగా అమలు చేశారంటే, వేళ దాటిన మిగులును ఇంటికి తీసుకువెళతామని ఎవరెంత అడిగినా మృదువుగానే వద్దని చెప్పి పంపారు.

కూరగాయలు తరిగిన మా చెల్లెళ్లకు, బరువులు మోసిన మా తమ్ముడికి, వడ్డనకు వచ్చిన వాళ్ల మిత్రులకు, ఆ రెండు రోజులూ ఇల్లు మొత్తం వంటగదికి అప్పగించి ఒక్క మాట అనని మా అత్తగారికీ మావారికీ నా మనఃపూర్వక కృతజ్ఞతలు. భోజనాలయ్యాక అందరూ కబుర్లలో పడిన వేళ అడుగంటిన గుండిగలు తోమినవారిని నేను వేరుగా తలచుకుంటున్నాను. ఆ పనికి ఎవరూ మెచ్చుకోళ్లు పంపలేదు.

ఎర్ర సున్నాలు చుట్టిన ఆ ప్రణాళిక, గంటలవారీ పట్టిక రెండూ నా దగ్గర భద్రంగా ఉన్నాయి. ఇంటి నుంచి పెద్ద వంట తలపెట్టినవారెవరైనా అడిగితే, బాబాయిగారి అనుమతితో నకలు తీసి ఇస్తాను. ఇక పైన చెప్పినవారందరికీ ఒక మనవి. మీ ఇంట ఏ శుభకార్యం జరిగినా, వంటకే పిలవాలని లేదు, గిన్నెలు తోమడానికి మనిషి కావలసినా ముందుగా నాకే కబురు పెట్టండి.